ఇరా గొట్టాలు ఆరు

సికూ వాద్యాన్ని ఎవరూ ఒక్కరే వాయించరు.
ఒకే పాట స్వరాలు ఇద్దరికి పంచి ఉంటాయి.
ఆరు గొట్టాల ఇరా ఒకరికి,
ఏడు గొట్టాల అర్కా ఇంకొకరికి.
ఒకరు ఊదేటప్పుడు ఇంకొకరు గాలి నింపుకుంటారు.
ఎల్ ఆల్తోలో మా పిల్లలకి నేను మొదట నేర్పేది ఇదే:
నాలుగు వేల మీటర్ల ఎత్తున
గాలిని కూడా వంతులేసుకునే బతకాలి.

లింబెర్ట్ ఇరా. నైరా అర్కా.
మూడో తరగతి నుంచీ జత.

వైరస్ వాళ్లింట్లో నాలుగు రోజులే ఉంది.
వాడికి జ్వరం కూడా పెద్దగా రాలేదు.
పక్కమీద కూర్చుని లామా బొమ్మకి
ఆకుపచ్చ రంగు వేశాడట, వాళ్లమ్మ ఎలోడియా చెప్పింది.
పిల్లలకేం కాదులే అన్నారందరూ.
నేనూ అన్నాను.

బడి తెరిచాక, మూడో చరణం దగ్గర
పాటకి చిల్లులు పడటం మొదలైంది.
నైరా తన స్వరం ఊది పక్కకి చూస్తుంది,
పక్కన ఏమీ లేదు.
పెదాలు గొట్టం మీదే ఉంటాయి,
భుజాలు పైకి లేస్తాయి,
డొక్కలు లోపలికి పోతాయి.
రాత్రి నిద్ర పోలేదా అన్నాను.
ఫోన్ పట్టుకు కూర్చున్నావా అన్నాను.
ఒకసారి, అందరి ముందూ, బద్ధకం అన్నాను.
వాడు ఎదురు చెప్పలేదు.
ఎదురు చెప్పడానికీ ఊపిరి కావాలని
నాకు తోచలేదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.
ఆ మాటకి ఎలోడియా ఊపిరి పీల్చుకుంది,
వాళ్ల అవ్వ పీల్చుకుంది, నేనూ పీల్చుకున్నాను.
పీల్చుకోలేనివాడు ఒక్కడే,
బడి మెట్ల మీద, మూడో మెట్టు దగ్గర కూర్చుని.

పద్నాలుగో నెలలో కేబుల్ కారెక్కి కిందికి, లా పాస్‌కి.
సంతరోజు దుంపల కొట్టు మూయలేక
ఎలోడియా నన్ను తోడు పంపింది.
డాక్టర్ అపాసా కంప్యూటర్ తెరమీద
ఎనిమిది కొవ్వొత్తులు వెలిగించి
ఈ గొట్టంలో ఊది ఆర్పెయ్ అంది.
మూడు ఆరాయి.
నాలుగోది వంగి, మళ్లీ నిలబడింది.
వాడు నావైపు చూశాడు,
తప్పు స్వరం పలికినప్పుడు చూసే చూపు.

ఆవిడ స్టెతస్కోప్ తీసి నా చెవులకి పెట్టింది.
లోపలెక్కడో పిల్లికూతలు,
ఆగస్టు గాలి రేకుల సందులో దూరినట్టు.
"గాలి వెళ్తోంది, అన్ని గదుల్లోకీ వెళ్లడం లేదు.
ఎక్స్‌రేకి గోడలు కనిపిస్తాయి,
మూసుకున్న తలుపులు కనిపించవు."
ఎప్పుడు తెరుచుకుంటాయని అడిగాను.
తెలీదు, అంది. తెలీదనే అంది.

తిరుగు ప్రయాణంలో, ఇటుక ఇళ్ల కప్పుల మీద
మా కేబుల్ కారు కాసేపు ఆగి ఊగుతుంటే,
"బద్ధకం కాదు కదా, సార్?"
అడిగాడు.
కప్పుల మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ
కాదు అన్నాను. గట్టిగా రాలేదు మాట.

ఇరా ఇంకొకరికి ఇద్దామంటే నైరా ఒప్పుకోలేదు.
"వాడు ఊదనప్పుడు నేను ఆగుతా. అంతేగా."
లింబెర్ట్ సుద్దముక్కతో మూడు గొట్టాలకి గుర్తు పెట్టుకున్నాడు,
పొట్టివి, తక్కువ ఊపిరి తాగేవి.
పొడుగు వాటి వంతు వస్తే కళ్లు మూసుకుంటాడు.

నిన్న ఆ పాట చిల్లులతోనే వాయించాం.
మూడో చరణంలో ఒకచోట, గుర్తులేని గొట్టం మీద,
వాడు ఎందుకో పెదాలు ఆనించాడు.
స్వరం పలకలేదు.
ఉత్త గాలి, చెక్క మీద చెయ్యి రాసినట్టు.

నైరా దానికి జవాబు ఊదింది.