తాలుకాయ లెక్క

నర్సంపేట అంగట్లో, చింతపండు బుట్టలకూ బనియన్ల దుకాణానికీ నడుమ
మా తెల్లబండి ఆగింది.
లోపల అరచేయంత ప్రయోగశాల, పైన మైకు,
మైకులో నా గొంతు, నాదేనని నమ్మబుద్ధి కాని గొంతు:
"వినియోగదారులారా, బూజు విషములు
అనుమతించిన పరిమితిని మించినచో కాలేయమునకు హాని కలుగును."
మేకపోతును బేరమాడుతున్న ఒకాయన
తల తిప్పి చూసి, మళ్లీ దాని పండ్లు లెక్కపెట్టుకున్నాడు.

డ్రైవర్ సారంగం అన్నాడు:
"సారూ, మీరు సదువుతాంటే సంతాపసభ లెక్కున్నది."

గ్లాసు నీళ్లలో చిటికెడు కారం చల్లాను.
రంగు తీగలు తీగలుగా కిందికి జారితే
పిల్లలు చప్పట్లు కొట్టారు, గారడీ అనుకుని.
రంగును చూపెట్టడం తేలిక.
కనబడనిదాన్ని ఏ గ్లాసులో వెయ్యను?

అప్పుడొచ్చింది దుగ్గొండి కొంరమ్మ,
కొంగున ఇన్ని మిరపకాయలు ముడేసుకుని.
ఎర్రవి కావు. తెల్లబారినవి, మచ్చలవి,
కల్లంలో వాన తిన్నవి. తాలు.
"జర సూడు బిడ్డా, ఇవి తినొచ్చునా?"

పావుగంటైనా పట్టీ మీద రెండో గీత రాలేదు.
గీత రాకపోతేనే విషమున్నట్టు,
మా పరీక్షలు అట్లా తలకిందులు.
"వందకోట్ల పాళ్లలో ఇన్ని పాళ్లు..." మొదలుపెట్టాను.
"వందకోట్లు నాకెందుకు?
గిద్దెడు తింటె ఏమైతది, సోలెడు తింటె ఏమైతది?
గా ముచ్చట చెప్పు."

నా పుస్తకంలో గిద్దె లేదు.
"తినకు. పారెయ్" అన్నాను.

ఆమె కోపానికి రాలేదు.
"ఎర్రకాయ ఎనుమాములకు వోయింది, అప్పుకింద.
తాలే మాకు మిగిలింది.
ఇదీ పారేస్తె తొక్కు దేనితోటి నూరాలె?
మిరం లేని బువ్వ పిల్లలు ముట్టరు.
బువ్వ తినకుంటె వచ్చే రోగం
నీ బండిల తెలుస్తదా?"

మైకు తీగ పీకేశాను.
బండి మెట్టు మీద ఆమె పక్కన కూర్చుని
ఒక్కొక్క కాయ చీల్చాం.
తెల్లబారిందల్లా విషం కాదని,
గింజల నడుమ నల్లటి నూగో, పచ్చటి నూగో ఉంటే
ఆ కాయ మొత్తం తీసెయ్యమని,
కడిగినా పోదని, వేయించినా పోదని,
వచ్చే యేడు మట్టి మీద కాదు, పరదా మీద ఎండబొయ్యమని.

"ఇట్ల ఏరితె అంత పోతదా?"
"పోదు. తగ్గుతది."
మా కరపత్రంలో ఆ మాట లేదు.
"ఎంత తగ్గుతది?"
"తెల్వదు" అన్నాను.
పొద్దటినుంచి నా నోట వచ్చిన ఇంటిమాట అదొక్కటే.
ఆమె నా మొకం చూసింది కాసేపు,
మేకపోతు పండ్లు చూసినట్టే.

మంచివి మళ్లీ కొంగున కట్టుకుంది.
చెడ్డవి నా చేతిలో పోసింది:
"పరకాల అంగట్ల ఇవి సూపెట్టు. గ్లాసు గాదు."

బండి కదిలింది. చెయ్యి కడుక్కోవడం మరిచి
కన్ను నలుపుకున్నాను.
ఊరు దాటేదాకా నీళ్లే నీళ్లు.

సారంగం అద్దంలో చూస్తున్నాడు:
"గదేంది సారూ, తాలు గూడ
గింత మండుతదా?"