మూతెడు నీళ్లు

ముప్పై ఏండ్లు చిత్తూరు బెల్లం మండీలో
నా నాలుకే తక్కెడ.
దిమ్మె పగలగొట్టి గోరంత పలుకు నోట్లో వేసుకుంటే చాలు,
ఏ మడి చెరుకో, సున్నం ఎంత పడిందో,
పాకం ఒక్క నిమిషం ముందు దించినారో వెనక దించినారో
చెప్పేసేవాణ్ణి.
రైతులు నా మొగం చూసేవాళ్లు కాదు,
దవడ కదలడం చూసేవాళ్లు.

ఆ దవడ కిందే గడ్డ లేచింది.

తిరుపతి పెద్దాసుపత్రిలో ముప్పైమూడు దినాలు కరెంటు.
మొగానికి జల్లెడ లాంటి ముసుగు బిగించి
కదలొద్దు మునిరత్నం, అంటారు.
యాడికి కదిలేది?
పదో దినానికి ఉమ్మి చిక్కబడింది, పాకం మాదిరి.
ఇరవయ్యో దినానికి తీగ తెగింది.
ఆ తర్వాత ఉత్త పొయ్యి.

ఇన్నేండ్లు దారంబడీ ఉమ్మేసింది తలుచుకుంటా.
మండీ గోడ మీద, రైలు పట్టాల మీద,
ఒకసారి తగాదాలో చెంగల్రాయుడి గడప మీద.
అందులో ఒక్క చుక్క
ఎవరన్నా బాకీ తీర్చినట్టు తిరిగిస్తే బాగుండు.

నర్సమ్మ షంషాద్ చెప్పింది:
"చెంబెడు ఒకేసారి తాగితే కాదు పెద్దాయనా,
మూతతో తాగు. తడుపుకుంటా తడుపుకుంటా బతకాల."
అప్పట్నుంచి బాటిలు మూతే నాకు గడియారం.
పూతలపట్టులో ఒక మూత.
పాకాల క్రాసులో ఒకటి.
చంద్రగిరి కోట కనపడేసరికి
నాలుక పిడచగట్టి అంగిటికి అతుక్కుంటుంది,
ఇంకొకటి.
తిరుగు బస్సులో, కొండ మీద గుండు కొట్టించుకున్న పిల్లోడు
నన్నే చూస్తా చూస్తా
"తీర్థమా తాతా?" అని చెయ్యి చాపినాడు.
వాడి అరచేతిలో ఒక మూత పోసినా.
తాగి, తడి చేత్తో గుండు తుడుచుకున్నాడు.

ఇంట్లో కుప్పమ్మ
కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు చిటికెడు, సోడాప్పు చిటికెడు.
రోజుకు ఎన్నిసార్లో, లెక్క ఆమెకే తెలుసు.
సంగటి ముద్ద పోయి అంబలి వచ్చింది,
అది కూడా వడగట్టి, వేడి బాగా ఆరినాక.
మా ఇంట్లో ఊరుబిండి నూరడం ఆగిపోయింది.
నువ్వన్నా తినవే అంటే
"నాకూ నోరు మంటే" అంటుంది.
అబద్ధం.
మొన్న నా మూతి తుడుస్తా ఉంటే
ఆమె వేళ్లల్లో ఎండుమిరపకాయ వాసన, పక్కింటిది.
నేనేమీ అనలేదు.
అన్నా పెదవి చిట్లుతుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
పుండ్లు పడినాక ఎవర్నీ తిట్టింది లేదు,
ఊరు మాత్రం అట్లే ఉంది.

నిన్న దామోదరం వచ్చినాడు, మండీలో ఇప్పుడు నాలుక వాడిది.
"అన్నా, ఈ సరుకు నాకు అర్థం కాలేదు" అని
పొట్లం విప్పినాడు.
నిజంగా తెలియకనో, నా మీద జాలితోనో.
నాలుక మీద పెట్టుకుంటే ఇసక.
ఇంకో పలుకు చెవి దగ్గర పెట్టి విరిచినా.
టక్కుమనలేదు, మెత్తగా నలిగింది.
"తేమ పట్టిందిరా. వానలు రాకముందే అమ్మేయ్."
అన్నానే గానీ, తేమ అనే మాట
నా నోట్లోంచి వచ్చినందుకు నాకే నవ్వొచ్చింది.
నవ్వితే మంట.

మిగిలిన ముక్కను కుప్పమ్మ పారేయలేదు.
గిన్నెలో పెట్టి, గిన్నెను పళ్లెంలో పెట్టి,
చీమలు రాకుండా
చుట్టూ నీళ్లు పోసింది.