మూడు వేళ్ల సందు

మలక్‌పేట రేసుకోర్సు వెనక సందులో
గౌసుద్దీన్ సాబ్ దుకాణానికి బోర్డు లేదు.
మైనమూ, తోలూ, ఒకప్పటి గుర్రాల చెమటా కలిసిన వాసన
స్కూటర్ ఆపకముందే లోపలికి లాగింది.

నా చేతిలో పాత ఎక్స్‌రే ఫిల్మ్.
పేషెంటు పేరున్న మూల కత్తిరించేశాను.
దాని మీద తెల్ల స్కెచ్‌పెన్నుతో గీసిన ఒక వంపు:
గంధకం మూపు.

గంధకం అంటే మా గుర్రం.
మా అంటే, అజీజ్‌నగర్ దాటాక వచ్చే లాయంలో
నెలకింత కట్టి సగం నాదనుకునేవాడు.
రేసుల్లో ఎప్పుడూ ఆరోవాడో ఏడోవాడో అయి
ఎనిమిదో ఏట ఉద్యోగం ఊడినవాడు.
ఇప్పుడు అడ్డుకర్ర కనిపిస్తే చెవులు నిక్కబొడిచి
ఎవరో పిలిచినట్టు పోతాడు.

పొద్దున సాయీసు బిక్షపతి వాణ్ణి పట్టుకుంటే
సీసం తీగ మూపు మీద పరిచి, వేళ్లతో నొక్కి,
ఆ వంపు చెదరకుండా ఎత్తుకొచ్చి ఫిల్మ్ మీద దింపాను.
"గాలి బిగవట్టుమని చెప్పాల్నా అక్కా వీనికి?" అన్నాడు.
పంజాగుట్ట ఆసుపత్రిలో పదిహేడేళ్లుగా
నా నోట అరిగిపోయిన మాట అది.

దూకే జీను కావాలంటే సాబ్ ఐదు దింపాడు.

మూడోది చూశాక మిగతావి చూడలేదు.
ఫ్రాన్సు నుంచి ఎవరి సామానులోనో వచ్చిందట.
చింతగింజ నిగనిగ,
ముందుకు సాగిన రెక్కలు, మోకాలికి మెత్తటి దిండు.
చెక్క గుర్రమ్మీద వేయించి ఎక్కి
రికాబులు రెండు రంధ్రాలు పొట్టి చేసి వంగితే
నడుము దానంతటదే గాల్లో నిలబడింది.
గోడవతల ఏదో లారీ హారన్ కొడుతూనే ఉంది గానీ
నేనప్పటికే కర్ర దాటేశాను.

"మీకు మంచిగ కూసుంది," అన్నాడు సాబ్
దారాన్ని మైనంలో దువ్వుతూ.
"మరి ఆయనను అడిగినారా?"

జీను తిరగేశాడు. లోపల కట్టె ఎముక ఒకటుంటుంది.
దాన్ని చెట్టు అంటారట ఈ పనివాళ్లు.
పూయదు, కాయదు,
ఒక జంతువు బరువు ఇంకో జంతువు వెన్ను మీద
పడీ పడకుండా ఆపుతుంది, అంతే.
నా ఫిల్మ్‌ను దాని నోట్లో పెట్టి చూశాడు. ఇరుకు.
"మూడు వేళ్లు పట్టాలె మూపు మీద. ఒక్కటే పడుతుంది.
దూకి దిగినప్పుడల్లా మొట్టికాయ పెట్టినట్టు.
ఎన్ని దినాలు ఓర్చుకుంటడు? ఒకనాడు కర్ర ముందు ఆగిపోతడు.
మీరేమో మొండోడంటరు."

ఆ ఒకనాడు నాకు తెలుసు.
పోయిన నెల, అరువు జీనుతో.
వాడు ఆగాడు, నేను వాడి మెడ మీదుగా ఇసుకలోకి పోయాను.
లేచి అరిచాను. బెత్తం కూడా చూపించాను.
మూపు పక్కన రూపాయంత చోట
వెంట్రుకలు తెల్లబడ్డాయని చూస్తూనే ఉన్నాను,
ఎందుకని అడగలేదు.
నీడల్లో నొప్పి వెతకడం నా కొలువు.

ఐదోది గీతలు పడ్డ నల్ల జీను.
ఎడమ రెక్క మీద ఎవరిదో మోకాలి ముద్ర.
కూర్చుంటే పక్కింటివాళ్ల చెప్పులు తొడుక్కున్నట్టుంది.
ఫిల్మ్ పెడితే మాత్రం
గిన్నె మీద దాని మూతే పడ్డట్టు.

"నలభై రెండు వేలు. ఉన్ని నేనే మళ్ల నింపిస్త,
స్పంజి కాదు, గొర్రె ఉన్ని."
డబ్బు కట్టి, ఆ మూడోదాన్ని ఇంకోసారి ముట్టుకుని వచ్చేశాను.
అబద్ధమెందుకు, రెండుసార్లు.

ఆదివారం.
మూడు వేళ్లు దూర్చి చూశాను. పట్టాయి.
తంగు బిగించి ఆరు కర్రలు దూకాం.
వాడు ఒక్కచోటా ఆలోచించలేదు.
గండిపేట వైపు నుంచి గాలి.

దిగి జీను ఎత్తితే
వీపు మీద చెమట రెండు రెక్కలుగా అచ్చుపడింది,
నడుమ వెన్ను పొడవునా పొడి దారి.
దోషమేమీ కనబడలేదు అని
రోజుకు నలభై ఫిల్ములకు రాస్తారు మా డాక్టర్లు.
ఆ మాట ఇలా ఆవిర్లు కక్కుతుందని తెలియదు.

బిక్షపతి వంగి ఎడమ పక్క వేలు పెట్టాడు.
పావలా అంత పొడి మచ్చ.
"జీను మంచిగనే ఉందక్కా. నువ్వే జర ఎడమకు ఒరుగుతవు."

ఎన్ని వేలమందిని నిటారుగా నిలబెట్టానో గోడకు.
నా వెన్ను నేనెప్పుడూ తీసుకోలేదు.

గంధకం తల తిప్పి
నా ఎడమ జేబు వాసన చూశాడు.
బెల్లం అటువైపే ఉంటుంది.