లెక్కకి నిలబడ్డవాడు

సాయంత్రం నాలుగింటికి లెక్క.
చేతిలో పని ఆపి, మంచం పక్కన నిలబడి,
బతికున్నట్టు కనబడాలి.
రోజుకి అయిదుసార్లు లెక్కపెడతారు నన్ను,
ఈ నెబ్రాస్కా మంచులో, రెండో అంతస్తులో, పై బంకు మనిషిని.
మూడేళ్లలో ఒక్కసారీ తక్కువ పడలేదు నేను.

లెక్క సరిపోయాకే ఉత్తరాలు పంచుతారు.
ఇవాళ నాకొకటి. కవరుకి కిటికీ ఉంది,
నా గదికున్న దానికన్నా కాస్త వెడల్పే.
"ప్రియమైన ఖాతాదారు ఆరిన్ హావర్‌క్యాంప్ గారికి,
మీతో మాట్లాడాలని ఎన్నోసార్లు ప్రయత్నించాం."

ఫర్నేసు అది.
రెండువేల ఆరువందల నలభై డాలర్లు.
జనవరిలో ట్రెయిలర్ గొట్టాలు గడ్డకట్టి పగిలిన రాత్రి
కార్డు గీశాను, అంతే.
డీజిలూ, పాలూ, డార్లా పంటినొప్పీ
తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి, పిలవని చుట్టాల్లా.
అప్పటికి మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఉండేది.
అప్పటికింకా ఈ చేతులు ఎవరినీ కొట్టలేదు.

ఇప్పుడు లాండ్రీలో గంటకి ముప్పై సెంట్లు.
ఆలస్య రుసుము ముప్పై తొమ్మిది డాలర్లు.
నూటముప్పై గంటలు దుప్పట్లు మడతపెడితే
నేను ఆలస్యమయ్యానన్న మాటకి మాత్రం ఖరీదు కట్టగలను.
అసలు అలాగే కూర్చునుంటుంది, కాలు మీద కాలేసుకుని.
వడ్డీకి గోడ లేదు, తాళం లేదు,
దీపాలార్పే వేళ లేదు.

లైబ్రరీలో ముసలి క్విన్సీ టబ్,
ఇరవైరెండేళ్లుగా లోపలే ఉన్నవాడు,
తన పేరున్న కార్డుని ఎన్నడూ ముట్టుకోనివాడు,
ఉత్తరాన్ని కళ్లద్దాలకి ఆనించి చదివాడు.
"ఏడుపాపి పెన్ను తియ్యి.
జాలి అడక్కు, తేదీలు చెప్పు.
ఎక్కడున్నావో రాయి, ఎప్పుడు బయటికొస్తావో రాయి.
వడ్డీ ఆపమను. నకలు దాచుకో.
భయపడి అయిదు డాలర్లు పంపేవు సుమా!
ఒక్కోసారి చచ్చిన బాకీ నోట్లో నీళ్లు పోసినట్టే,
లేచి కూర్చుంటుంది."

నకలుకి పది సెంట్లు.
ఇరవై నిమిషాల దుప్పట్లు.

ఫోన్లో చెల్లెలు వెర్డా, నర్సింగ్ హోమ్ డ్యూటీ మధ్యలో,
"నేను కట్టేస్తాలే" అంది.
వద్దన్నాను. దాని మీద నీ సంతకం లేదు,
వాళ్లు అడిగినా నీది కాదని చెప్పు,
మన ఇంట్లో ఒక్క పేరైనా
అనబోతుంటే
పదిహేను నిమిషాలు అయిపోయాయి.

పదకొండు వారాలకి జవాబు: మీ ఖాతాని అమ్మేశాం.
ఎవరికో, ఎంతకో చెప్పలేదు.
(నన్ను కొన్నవాడికి నా ముఖం తెలుసా అని
ఆ రాత్రి నవ్వొచ్చింది, కింది బంకువాడు తిట్టాడు.)

ఆ తర్వాత పసుపు కవరు. కోర్టు తీర్పు.
పిలుపుని ట్రెయిలర్ తలుపుకి అతికించారట.
అక్కడిప్పుడు వేరేవాళ్లుంటున్నారు,
నా ఫర్నేసు దగ్గర కాళ్లు కాచుకుంటూ.
"ప్రతివాది హాజరు కాలేదు.
కోరిన మొత్తం, ఖర్చులతో సహా, మంజూరు."

అదే కోర్టు. అవే పదమూడు మెట్లు.
మూడేళ్ల కిందట కాళ్లకి గొలుసులేసి, వ్యానెక్కించి,
ఒక్క మలుపూ తప్పకుండా తీసుకెళ్లారు నన్నక్కడికి.
మళ్లీ ఇక్కడ దింపిందీ వాళ్లే.
నేనెక్కడున్నానో ఈ భూమ్మీద
వాళ్లకి తెలిసినంత బాగా మా అమ్మకీ తెలియదు.

క్విన్సీ నవ్వలేదు. కొత్త కాగితం తీశాడు.
"దీనికి వేరే ఉత్తరముంది. గడువు తక్కువ.
తీర్పు రోజు పొద్దున్న ఎక్కడున్నావ్?"

రాశాను:
అయ్యా, ఆ రోజు నేను హాజరయ్యాను.
అయిదుసార్లు.
మంచం పక్కన, చేతులు కనబడేలా.
మీ పుస్తకంలోనే ఉంది, చూసుకోండి.

స్టాంపుకి డబ్బుల్లేవు.
క్విన్సీ అప్పిచ్చాడు:
రెండు నూడుల్స్ ప్యాకెట్లు, శుక్రవారంలోగా.
వడ్డీ లేదన్నాడు.
అయినా రాయించుకున్నాడు.