కొసరు

రీలుకి ముప్పై ఆరు అని డబ్బా మీద రాసి ఉంటుంది.
చెయ్యి తిరిగినవాళ్లు ఎక్కిస్తే
చివర్న ఇంకొకటి వస్తుంది,
ఒక్కోసారి రాదు.
ఆ ముప్పై ఏడోది నాది.

చియాతూరాలో రోప్‌వే దిగేచోట నా స్టూడియో.
ఒక స్టూలు, ఒక తెల్ల దుప్పటి,
తల దువ్వుకోడానికి గోడకో అద్దం.
గనుల మసి గోళ్లలోంచి పోకుండానే వచ్చి కూర్చునేవాళ్లు,
అందరూ వెళ్లిపోయేవాళ్లే.
ఇటలీలో ముసలివాళ్లకి స్నానాలు చేయించడానికి,
పోలండ్‌లో ఇటుకలు మోయడానికి.
"నవ్వకండి, నవ్వితే పాస్‌పోర్టువాళ్లు తిప్పి పంపుతారు"
అనేదాన్ని. ఆ మాటకే నవ్వేవాళ్లు.

మొదట్లో ఇది పొదుపే, కళ కాదు.
రీలు పూర్తికాకుండా కడిగితే డబ్బు దండగ,
కడగకపోతే వాజికోకి తెల్లారి బస్సు తప్పుతుంది.
అందుకని కెమెరాని బల్ల మీద పెట్టి
దుప్పటి నాకెందుకులే అని అద్దం గోడకి ఆనుకుని
గిన్నె అడుగు వేలితో ఊడ్చినట్టు
నన్ను నేను ఊడ్చేసేదాన్ని.

కరెంటు లేని చలికాలం ఒకటుంది.
కిరోసిన్ పొయ్యి వెలుతురులో షట్టర్ తెరిచి
వంద లెక్కపెడదామనుకున్నా.
ఎనభై దగ్గర తుమ్మొచ్చింది.
బొమ్మలో నాకు రెండు ముక్కులు, కళ్లు లేవు.
పారేయబోయి, ఎందుకో క్లిప్పు పెట్టి ఆరేశాను.

ఆ తర్వాత ఏదీ పారేయలేదు.
పన్ను పీకించుకున్న రోజుది ఉంది, బుగ్గ బన్నురొట్టె.
విడాకుల కాగితం మీద సంతకం పెట్టొచ్చిన రోజుది ఉంది,
అందులో చాలా బాగున్నాను, ఏం చెయ్యను.

రీలు కొస కత్తిరించినచోట
ఒక చెవి పోతుంది, ఒక్కోసారి సగం నుదురు.
ఇరవై తొమ్మిదేళ్లలో
నిండు లామారా ఎన్నిసార్లొచ్చిందో
వేళ్లమీద చెప్పొచ్చు.

మొన్న మా అక్క మనవరాలు తాతియా
అన్నిటినీ తేదీల వరసలో నేలమీద పరిచింది.
నేను వెతుక్కున్నది గడ్డం కింద చర్మం,
ఏ ఏడు నుంచి వేలాడుతోందా అని.
అది మోకాళ్ల మీద పాకుతూ అడిగింది,
"వీళ్లంతా ఎవరు?"

నా భుజం పక్కన, దువ్వెన అద్దంలో,
వరసలో తర్వాతివాళ్లు.
ఎరువు తెచ్చుకున్న కోటుకి గుండీలు పెట్టుకుంటున్న ఆవిడ.
జుట్టు నీళ్లతో అణుస్తున్న కుర్రాడు.
పెదాలు బిగించి
నవ్వకుండా ఉండటం నేర్చుకుంటున్న ఒక పిల్ల.

ఫోకస్ నా ముక్కు మీదే పెట్టాననుకున్నా ఇన్నేళ్లూ.
చాలావాటిలో అది నన్ను దాటి అద్దంలోకి పోయింది.
నేను మసక.
వాళ్ల కనురెప్పలు లెక్కపెట్టొచ్చు.

ఈమె గులీకో. బారీలో ఉండేది, ఇప్పుడుందో లేదో.
ఇతని పేరు గుర్తు లేదు,
ఎడమ చెవి పెద్దదిగా ఉంది సరిచెయ్యమన్నాడు,
చెయ్యలేదు.

"దీన్నేమంటారు బామ్మా, ప్రాజెక్టా?"
బజారులో పుల్లరేగుల ముసలమ్మ
తూకం అయిపోయాక
గుప్పెడు పైన వేస్తుంది చూడు,
అదీ అన్నాను.

ఇప్పుడు ఆఫీసులోనే యంత్రం ఉంది.
కళ్లు తెరిస్తే చాలు, అదే తీసుకుంటుంది.
నా కెమెరాలో రీలు ఆకులు రాలినప్పటినుంచీ
ముప్పై ఒకటి దగ్గరే ఆగిపోయి ఉంది.
"ఊరికే ఐదు నొక్కేసి నీది తీసుకోవచ్చుగా" అంటుంది తాతియా.
తీసుకోవచ్చు.
అసలు లేకుండా కొసరు ఎవరడుగుతారు?

ఈ పొద్దున అద్దం వెనిగర్‌తో తుడిచాను.
నా మోకాళ్ల కోసం స్టూలు రెండంగుళాలు పెంచాను.
కిటికీలోంచి చూస్తే
రోప్‌వే పెట్టె ఒకటి నది మీద ఊగుతూ వస్తోంది,
లోపల మనిషి ఉన్నట్టే ఉంది,
సంచీ కూడా కావచ్చు.

ఎందుకైనా మంచిదని
దువ్వెన కడిగాను.