మంచు పడని చోట

టీకొట్టు టీవీలో ఎక్కడో కొండ మీద
మోకాలి లోతు మంచు.
ఈ ఏడు అదీ తక్కువేనట,
కింద ఊళ్ళకి నీళ్ళు చాలవట,
జారి ఆడుకునే చోట్లు మూసేశారట.
"మనకా గొడవ లేదులే" అన్నాడు లోవరాజు, గ్లాసు తిప్పుతూ.

లేకేం.
మనకి మంచంటే మాఘమాసం పొద్దున
గట్టు మీద సైకిలు కనపడనంత తెలుపు.
ఎనిమిదింటికి ఆరిపోతుంది,
ఒక్క మడీ తడవదు.
మన నిల్వంతా సీలేరులో.
విశాఖలో ఎవరో ఉక్కకి ఫ్యాను వేసుకుంటే
అక్కడ టర్బైను తిరిగి,
వదిలిన నీరు శబరిలో పడి, గోదారిలో కలిసి,
ధవళేశ్వరం దాటి
నా లాకు దగ్గరికొచ్చేసరికి
ఎన్ని రోజులో, ఎంత మిగులుతుందో.

ఇరవై రెండేళ్ళుగా లస్కరుని.
కొలబద్ద మీద నాచు గీతే నా పంచాంగం.
నిన్నటికీ ఇవాళ్టికీ నాలుగంగుళాలు దిగింది.
శివారు చేలవాళ్ళు రాత్రుళ్ళు టార్చీలేసుకొస్తున్నారు.
దాళ్వా పాలు పోసుకుంటోంది, ఒక్క తడి చాలంటుంది నూకరత్నం,
షట్టరు చక్రం మీద చెయ్యి వేసి,
తిప్పకుండా.

లోవరాజు షికారు పడవ
లాకు దిగువన ఒండ్రులో కూర్చుంది.
ఆదివారం భీమవరం నుంచి వచ్చినవాళ్ళు
అందులోనే ఎక్కి ఫొటోలు దిగారు.
కదలని పడవకి సగం టిక్కెట్టు.

మా వంతు తెల్లారుఝామున నాలుగింటికి.
మూడున్నరకే చక్రం రెండు చుట్లు తిప్పాను.
పుస్తకంలో నాలుగనే రాశాను.
ముందు చప్పుడు, తర్వాత చల్లగాలి,
ఆ తర్వాతే నీళ్ళు.
చీకట్లో పడవ కొంచెం ఒళ్ళు విరుచుకుంది.
గట్టు వెంట నూకరత్నం
నీటికంటే ముందు నడుస్తోంది.