చాక్‌పీసు గీత

టెక్కలి బైపాసు. రాత్రి పదకొండున్నర.
గోనెపట్టా పరుచుకుని
ట్రైలరు కింద వెల్లకిలా పడుకున్నాను.
ముక్కుకి మూరెడు పైన
ఇరవై రెండు టన్నుల నీలిరాయి,
ఎక్కడో ఎవరి హాల్లోనో నేల కావడానికి బయల్దేరింది.

"సక్రాలకి దిమ్మలెట్టేవా?"
పెట్టాను మావా.
రెండు నిమిషాలాగి మళ్లీ అడుగుతాడు.
మళ్లీ చెప్తాను.
నాలుగేళ్లుగా ఇదే మా పలకరింపు.

తవిటయ్య మావకి ఎడమచెవి లేదు.
క్వారీలో తూటాలు పేల్చిన రోజుల్లో
ఏదో ఒక మధ్యాహ్నం దాన్ని అక్కడే వదిలేసొచ్చాడు.
అందుకే నట్టుని వేలితో వింటాడు.
ఇటు చూపుడువేలు ఆనించి
అటు సుత్తితో చిన్నగా తడతాడు.
బిగిసిన నట్టు కిక్కురుమనదు.
వదులైనది వణుకుతుంది.
"జొరమొచ్చిన గుంటడి సెయ్యి పట్టుకున్నట్టుంటాది, సూడు."

నాకు చెవులే దిక్కు.
ఠణ్. ఠణ్. ఠణ్.
డబ్.
టార్చి వేస్తే, ఆ నట్టు అంచు నుంచి
కిళ్లీ నమిలిన మూతి కొసలా
తుప్పు సన్నగా కారి ఎండిపోయి ఉంది.

డ్రైవరు జోగినాయుడు బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు.
రేవులో ఓడ ఆగదట.
రాతిని కట్టిన గొలుసుల్ని మావ ఒక్కొక్కటీ ఊపి చూశాడు,
అంచులు కోసుకోకుండా కింద చెక్కలు తోయించాడు.
ట్రైలరు బ్రేకు పట్టించి
గుర్రాన్ని ఓసారి ముందుకి గుంజమన్నాడు.
కింగ్‌పిన్ను పట్టు వదల్లేదు.
"ఇది మంచిదే," అన్నాడు,
పెళ్లిసంబంధం చూసొచ్చినవాడిలా.

దిమ్మలు మరోసారి తన్ని చూసి, బ్రేకులు వదిలించి
చాంబరు కడ్డీ మీద గీత గీశాను,
గులాబీరంగు చాక్‌పీసుతో.
మావ మనవరాలిది. లెక్కల టీచరమ్మ ఇచ్చిందట.
"తొక్కు!"
గాలి బుస్సుమంది.
గీత కదిలింది.
ఒక వేలు, రెండు వేళ్లు, ఇంకా కొంచెం.
స్కేలు పెడితే
రెండంగుళాల మీద ఒక నూలు.

"నూలే కదేటి!" అన్నాడు జోగినాయుడు.

మడపాం దగ్గర పశువులు అడ్డమొచ్చినప్పుడు
ఆ నూలు ఎన్ని గజాలవుతుందో
మావ లెక్క చెప్పలేదు.
చేతులు గుడ్డకి తుడుచుకుని
బండి తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు.

ఫోను మోగింది. సూపర్‌వైజరు.
అరుపులు నాకు బండి కిందికే వినపడుతున్నాయి.
మావ తాపీగా ఫోను తీసుకుని
ఎడమచెవికి ఆనించుకున్నాడు.
"ఊఁ. ఊఁ. అలాగే బాబూ. ఊఁ."
ఆరిపోయాక తిరిగిచ్చేశాడు.
జోగినాయుడు నవ్వాపుకోలేక బీడీ పారేశాడు,
పారేసి, నాకు టార్చి పట్టడానికి కింద కూర్చున్నాడు.

అరిగిన బుష్షు మార్చాం.
ఎడ్జస్టరు తిప్పి గీత చెరిపి మళ్లీ గీసి
మళ్లీ తొక్కించాం. ఒకటిన్నర.
కొత్త పిన్ను దూర్చి కాళ్లు విడదీసి వంచాను.
పాతది పొలంలోకి విసరబోతే
మావ చెయ్యి పట్టుకున్నాడు.
"అది కళ్లెదురుగా ఉంటే రేపు నీకే ఆశ పుడతాది.
ఇంకా పనికొస్తాదేమో అనిపిస్తాది."
దాన్ని హార్లిక్సు డబ్బాలో వేసి మూత బిగించాడు.
లోపల అలాంటివి వందలుంటాయి,
ఊపితే చిల్లరలా మోగుతాయి.
మావకి ఆ చప్పుడు ఇష్టం. కుడిచెవి వైపు ఊపుతాడు.

ఒంటిగంటంపావుకి బండి కదిలింది.
వెనక రిఫ్లెక్టర్ల మీద దుమ్ము
నా చొక్కాతోనే తుడిచాను.
కోటబొమ్మాళి వైపు చీకట్లో
ఎర్రగా రెండు, తర్వాత ఒకటి, తర్వాత ఏమీ లేదు.
వాడు మళ్లీ ఫోను చెయ్యడు. చెయ్యకపోతే మంచిదే.

రెండో బండి వచ్చి ఆగింది.
మావ టీకి వెళ్లాడు.
ఎవరూ చూడకుండా
రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని
నట్టుకి వేలు ఆనించి తట్టాను.
ఏమీ లేదు.
ఏమీ లేదు.
ఏడోదాని దగ్గర...

మావా, ఓపాలి ఇటు రా.